పట్టని దవడ

ఫిల్మ్‌నగర్‌లో స్ఫూర్తి చేసే పని ఎవరి కంటా పడకపోతేనే బాగా చేసినట్టు లెక్క. నలభై దాటిన హీరో గడ్డం కింద వదులైన చర్మాన్ని బిగించడం, నిద్ర చాలని హీరోయిన్ కళ్ల కింద ఉబ్బు తీసేయడం, ఒక పక్కకి ఒరిగిన ముక్కుని మధ్యకి తేవడం. స్టూడియోలో దాన్ని బ్యూటీ వర్క్ అంటారు. పులుల్నీ రాక్షసుల్నీ కూలిపోయే కోటల్నీ చేసేవాళ్ల పేర్లు సినిమా చివర్లోనైనా వస్తాయి. ఇది చేసేవాళ్ల పేర్లు రావు. చేశామని బయట చెప్పకూడదని ముందే సంతకం పెట్టించుకుంటారు.

ఆమెది బెల్లంపల్లి. తండ్రి సింగరేణిలో పనిచేసి రిటైరయ్యాడు. శిల్పం చదువుకోవడానికి హైదరాబాదు వచ్చింది గానీ, చదువయ్యాక మట్టి ముట్టుకునే ఉద్యోగం ఎక్కడా దొరకలేదు. తెలిసినవాళ్లెవరో స్టూడియోకి తీసుకెళ్తే, అక్కడ తెర మీద మట్టిలాంటిదే ఇంకొకటి కనబడింది. నొక్కితే లోపలికి పోతుంది, లాగితే పైకి లేస్తుంది, ఎంతసేపు వదిలేసినా ఎండిపోదు. ఆమె చెయ్యి దానికి తొందరగానే అలవాటు పడింది. ఒక డబ్బింగ్ థియేటర్లో సౌండ్ ఇంజనీరుగా ఉన్న రఘునందన్‌ని పెళ్లి చేసుకుని యూసుఫ్‌గూడలో కాపురం పెట్టింది. ముప్పై ఆరేళ్లు వచ్చేసరికి, ముఖాలు సరిచేయడంలో ఆమెని మించినవాళ్లు లేరని స్టూడియోలో పేరు.

అప్పుడే పని పలచబడటం మొదలైంది. ఆమె వారంపాటు కూర్చుని చేసేదాన్ని కొత్త సాఫ్ట్‌వేర్ ఒక మధ్యాహ్నంలో చేసేస్తోంది. పక్క సీట్లు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. ఒకరోజు స్టూడియో నడిపే సిద్ధార్థ ఆమెని పిలిచాడు.

"మా బిల్డింగ్ ఓనర్ గారి ఫ్రెండ్, ప్రజ్ఞ గారని. జూబ్లీ హిల్స్‌లోనే ఇల్లు. వాళ్ల నాన్నగారు సైంటిస్టు. ఏదో రాయిలో తలకాయ ఉందట, దాన్ని కంప్యూటర్లో సరిచేయాలట. సినిమా పని కాదు. మీరు ఎలాగూ కాస్త ఖాళీగానే ఉన్నారు కదా, ఒకసారి వెళ్లి చూస్తారా?"

ఖాళీగా ఉన్నారన్న మాట ఆమెకి గుచ్చుకుంది. అయినా వెళ్లింది.

ప్రజ్ఞకి నలభై అయిదుంటాయి. ఒక పెద్ద కంపెనీలో ఫైనాన్స్ చూసుకుంటుంది. కాఫీ ఇచ్చి, నవ్వుతూనే మొదలుపెట్టింది.

"ఈ ఇంట్లో నేను రెండో కూతుర్నండీ. పెద్ద కూతురు ప్రాణహిత. నేను పుట్టకముందే వచ్చేసింది."

ప్రాణహిత అంటే మనిషి కాదు. ప్రజ్ఞ తండ్రి వెంకటాచలం భూగర్భ శాస్త్రవేత్త. పడుచు వయసులో ప్రాణహిత నది ఒడ్డున, ఎర్రమట్టి గుట్టల్లో ఆయనకొక పుర్రె దొరికింది. దూడంత జంతువుది, బల్లుల జాతికి దగ్గరిది, గడ్డీ దుంపా తినేది. పుర్రెకి చేతికందే దూరంలోనే ఒక కింది దవడ కూడా దొరికింది. రెండింటినీ కలిపి, ప్రపంచంలో ఎవరూ చూడని కొత్త జంతువని ఆయన ప్రకటించాడు. నోరు తిరగని శాస్త్రీయ నామమొకటి పెట్టాడు. ఇంట్లో మాత్రం అందరూ దాన్ని ప్రాణహిత అనే పిలిచేవారు.

చిక్కల్లా దవడతోనే. పుర్రె మరీ వెడల్పు, దవడ మరీ సన్నం. ఈ దవడ ఈ తలది కాదేమోనని బయటి దేశాలవాళ్లు కొందరు రాశారు. వెంకటాచలం జవాబు ఎప్పుడూ ఒకటే. కోట్ల ఏళ్లు నేల బరువు మోసిన తల అది. అణిగిపోయి వెడల్పయింది. అణగకముందు ఎలా ఉండేదో అలా చేయగలిగితే, దవడ సరిగ్గా పడుతుంది. రాయిని వెనక్కి సాగదీయగలవాడు ఆ రోజుల్లో ఎవడూ లేడు కాబట్టి వాదన అక్కడే ఆగిపోయింది. ఆయన రిటైరయ్యాడు. భార్య శారదాదేవి పోయింది. ఇప్పుడు మతిమరుపు జబ్బు మొదలైంది.

"పొద్దున పూట బాగానే ఉంటారు. మధ్యాహ్నం అయ్యేసరికి అంతా కలిసిపోతుంది," అంది ప్రజ్ఞ. "వచ్చే నెల సహస్ర చంద్ర దర్శనం చేస్తున్నాం. ఆరోజు ఆ తల సరిచేసి, దవడ పెట్టి, నాన్న చేతుల్లో పెట్టాలని నా కోరిక. మీరు ముఖాలు బాగా సరిచేస్తారట కదా."

స్ఫూర్తి మొదటిసారి వెంకటాచలాన్ని చూసింది కూడా పొద్దున పూటే. వరండాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి చొక్కా, పైన స్వెటరు.

"ఏ ఊరమ్మాయ్ నీది?"

"బెల్లంపల్లి సార్."

"బెల్లంపల్లా!" ఆయన ముందుకి వంగాడు. "అక్కణ్ణించి వేమనపల్లి దాకా జీపులో పోయేవాళ్లం. దారి పొడుగునా దుమ్ము. మీ నాన్న ఏం చేస్తాడు?"

"సింగరేణిల చేసిండు సార్. బొగ్గు బాయిల పని."

"అయితే మేమిద్దరం ఒకే పని చేశాం. ఆయన కిందికి దిగాడు, నేను పైపైన గీరాను." గట్టిగా నవ్వి, లేచి వెళ్లి తలుపు దగ్గర నిలబడి, ఎందుకు లేచాడో మర్చిపోయి మళ్లీ వచ్చి కూర్చున్నాడు.

పుర్రె, దవడ ఆయన పనిచేసిన పరిశోధనా సంస్థలోనే ఉన్నాయి. ప్రజ్ఞ తిరిగి తిరిగి అనుమతి సంపాదించింది. ఒక ఆదివారం మధ్యాహ్నం రోగులు లేని వేళ జూబ్లీ హిల్స్‌లో ఒక స్కానింగ్ సెంటరుకి తీసుకొచ్చారు. మనుషుల తలలు పెట్టే చోట దుప్పటి పరిచి ఆ రాతిముద్దని పెట్టారు. టెక్నీషియన్ అలవాటు కొద్దీ పేషెంటు వయసెంత అని అడిగాడు.

"ఇరవై రెండు కోట్ల ఏళ్లు," అంది ప్రజ్ఞ. అతను నిజంగానే టైపు చేయబోయాడు. ఆ రోజు అందరూ నవ్వుకున్నారు.

స్కానులో రాయీ ఎముకా ఇంచుమించు ఒకే బూడిదరంగులో వచ్చాయి. పొరపొరకీ ఎముక ఎక్కడ ఆగుతుందో చూసుకుంటూ స్ఫూర్తి రాయిని తీసేసింది. మిగిలింది పగిలిన కుండలా ఉంది. ముక్కలు ఒకదాని మీదకొకటి ఎక్కి, ఎడమ చెంప ముందుకి జారి, కుడి చెంప లోపలికి అణిగి ఉన్నాయి. ముందు ముక్కల్ని వాటి వాటి చోట్లకి చేర్చింది. తర్వాత ఎడమ పక్క ఒక గుర్తు, కుడి పక్క దానికి జత గుర్తు పెట్టుకుంటూ పోయింది. ఆ జతల్ని బట్టి తల ఎటు ఒరిగిందో కంప్యూటర్ లెక్కగట్టి, ఆ ఒరుగుని వెనక్కి తిప్పింది. రెండు వారాలకి తెర మీద రెండు పక్కలా సమానంగా, నిండుగా ఒక తల నిలబడింది. ఎన్ని సినిమాలు చేసినా అంత తృప్తి కలగలేదామెకి.

లాప్‌టాప్ పట్టుకుని పొద్దున్నే వెంకటాచలం దగ్గరికి వెళ్లింది. ఆయన చాలాసేపు చూశాడు.

"అందంగా ఉంది. సరే, ఇదే నిజమని నీకెలా తెలుసు?"

"రెండు దిక్కుల ఒక్కతీరున్నది గద సార్."

"చపాతీ ముద్దని పైనుంచి అరచేత్తో నొక్కు. రెండు పక్కలా ఒకేలాగే అణుగుతుంది. ఒక పక్కకి ఒరిగింది నీ కంప్యూటర్ పట్టుకుంటుంది. నిలువునా అణిగింది పట్టుకోలేదు."

స్ఫూర్తి ముఖం చిన్నబోయింది. "మరెట్ల సార్?"

"కన్ను చూడు." ఆయన వేలు తెర మీద కంటి గుంత చుట్టూ తిరిగింది. అది అడ్డంగా సాగి, పడుకోబెట్టిన గుడ్డులా ఉంది. "ఈ జాతుల్లో కంటి గుంత గుండ్రం. నేను చూసిన ప్రతి మంచి పుర్రెలోనూ అంతే. అది గుండ్రమయ్యేదాకా తలని పైకి లేపు. గుండ్రం కాగానే ఆగు. చూడ్డానికి ఇంకొంచెం లేపితే బాగుంటుందనిపిస్తుంది. ఆగాలి."

ఆమె అక్కడే కూర్చుని లేపింది. తల ఎత్తు పెరుగుతూ వెడల్పు తగ్గుతూ వచ్చింది. కన్ను గుండ్రమైంది. ఆగింది.

"ఇక దవడ పెట్టు," అన్నాడాయన. ఆ మాట అంటున్నప్పుడే, ఆయన్ని కనిపెట్టుకుని ఉండే ఆయా మందులు తీసుకొచ్చింది. మందులు వేసుకుని తల తిప్పేసరికి ఆయన చూపు మారిపోయింది. స్ఫూర్తిని చూసి, "శారద వంటింట్లో ఉందా?" అని అడిగాడు. దవడ పని ఇంటి దగ్గర చేసుకుందామని ఆమె లేచి వచ్చేసింది.

దవడ పట్టలేదు. తల వెడల్పు తగ్గిన మాట నిజమే, కానీ సరిపడా తగ్గలేదు. దవడ రెండు కొసలూ చెవుల దగ్గరి కీళ్లకి అందకుండా లోపలే వేలాడుతున్నాయి. ఒక పక్క కలిపితే రెండో పక్క గాలిలో ఉంటోంది. దవడ కూడా అణిగిందేమోనని చూసింది. దవడ దాదాపు చెక్కుచెదరలేదు. తన లెక్కలోనే తప్పుందనుకుని గుర్తులన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి పెట్టింది. అదే జవాబు వచ్చింది. తలని ఇంకా సన్నం చేస్తే దవడ పడుతుంది. కానీ అప్పుడు కన్ను నిలబెట్టిన గుడ్డులా అయిపోతుంది.

అన్నం తింటూ ఆ మాటే రఘునందన్‌తో చెప్పింది.

"పెదాలకు మాట పడ్తలేదంటే నేనైతే గొంతు వేరేటోనిదేమో అని చూస్త," అన్నాడతను.

"జర ఊకో. ఆయన ఎంత పెద్దమనిషో నీకు తెల్వది," అని కసిరింది. తన మనసులో ఉన్నదీ అదేనని ఒప్పుకోవడం ఇష్టం లేకపోయింది.

మర్నాడు ప్రజ్ఞకి చూపించింది. ప్రజ్ఞ తెర వంక చూడలేదు. స్ఫూర్తి ముఖం వంకే చూసింది.

"నాన్నకి చెప్పారా?"

"ఇంకా చెప్పలేదు మేడమ్."

"చెప్పకండి. ఫంక్షన్ ఇంకా వారం కూడా లేదు. కార్డులు పంచేశాం, ఆయన పాత కొలీగ్స్ అందరూ వస్తున్నారు. దవడ పట్టించెయ్యండి."

"గట్ల చేస్తే అబద్ధమైతది మేడమ్."

"ఎవరికి నష్టం చెప్పండి? అది పేపర్లో వేసేది కాదు, పరీక్షకి పెట్టేది కాదు. ఎనభై దాటిన మనిషి ఒక్కరోజు సంతోషపడతాడు. అయినా మీరు రోజూ చేసే పనే కదా ఇది?"

నిజంగానే అది స్ఫూర్తి రోజూ చేసే పనే. తెలియకుండా ఎలా చేయాలో ఆమెకి బాగా తెలుసు. మార్పంతా ఒకేచోట చేస్తే చూసేవాళ్లు పట్టుకుంటారు. అందుకని తలని ఒక పిసరు సన్నం చేసింది, దవడ కొసల్ని ఒక పిసరు ఎడం చేసింది, కీళ్లని ఒక పిసరు లోపలికి తెచ్చింది. దవడ టక్కున పడింది. ఆ తలని త్రీడీ ప్రింటు తీయించి, ఎముక రంగు వేయించింది. దాన్ని ఎవరు చూసినా అద్భుతమన్నారు. ఆమెకి మాత్రం రెండు రోజులు అన్నం సహించలేదు.

వేడుక పొద్దున పూట పెట్టారు. హోమం అయ్యాక, పట్టుపంచెలో ఉన్న వెంకటాచలం ముందు వెండి పళ్లెంలో ఆ తలని పెట్టారు. చుట్టూ చేరినవాళ్లు ఫోన్లెత్తి పట్టుకున్నారు. ఆయన కళ్లద్దాలు సర్దుకోలేదు. రెండు చేతులతో తలని ఎత్తుకుని, బొటనవేళ్లు కంటి గుంతల్లో పెట్టి మెల్లగా తిప్పాడు. వేళ్లు ఒకచోట ఆగాయి. మళ్లీ తిప్పాడు.

"కన్ను ఎవరు పిండారు?" అన్నాడు.

పెద్దాయన ఏదో తమాషాగా అన్నాడనుకుని అందరూ నవ్వారు. చప్పట్లు కూడా కొట్టారు. ఆయన ఆ జనంలో స్ఫూర్తి ఎక్కడుందో వెతికి చూశాడు. ఆమె తల దించుకుంది. ఆయన తలని పళ్లెంలో పెట్టేసి, తనని లోపలికి తీసుకెళ్లమన్నాడు.

మర్నాడు పొద్దున్నే ప్రజ్ఞ ఫోను. "నాన్న రమ్మంటున్నారు. లేచినప్పటినుంచి అదే మాట." గొంతులో కోపం దాచుకోలేదు.

వెంకటాచలం స్నానం చేసి సిద్ధంగా కూర్చున్నాడు. "పిండనిది చూపించు," అన్నాడు.

స్ఫూర్తి చూపించింది. ఆయన దవడని ఇటు జరపమన్నాడు, అటు తిప్పమన్నాడు, ఒక పక్క కలిపి రెండో పక్క ఎంత ఎడం ఉందో కొలవమన్నాడు. తలని ఇంకో రకంగా అణిగినట్టు అనుకుని మళ్లీ లేపమన్నాడు. ఆయన అడిగినవన్నీ ఆమె చేసింది. చివరికి ఆయన చెయ్యి ఎత్తి ఆపమన్నాడు.

"పట్టదమ్మాయ్. ఇది వేరే జంతువు దవడ. వరదకి రెండు కళేబరాలు ఒకేచోటికి కొట్టుకొచ్చి ఉంటాయి." కాసేపు వరండా బయటికి చూశాడు. "దవడ లేకపోతే ఈ తల మాకందరికీ తెలిసిన పాత జంతువుదే. అంటే ప్రాణహిత అనేది అసలు లేదు. నేను ఇన్నాళ్లూ నెపం రాయి మీద పెట్టాను."

"సార్, నేను ఇంకోసారి..."

"వద్దు. కాగితం తీసుకో. నేను చెప్తాను, రాయి. దీన్ని మొదట అచ్చేసిన పత్రికకే పంపాలి."

ఆమె రాస్తుండగా ప్రజ్ఞ వచ్చింది. రెండు వాక్యాలు విని కాగితం లాక్కుంది.

"ఏంటండీ ఇది? రేపటికి ఈ మాట ఆయనకి గుర్తుండదు. సాయంత్రం అయ్యేసరికి మళ్లీ ప్రాణహిత ఎలా ఉందని అడుగుతారు. అలా అడిగే ఆయన మాత్రం నాన్న కాదా? గుర్తుండని మాట పట్టుకుని ఆయన జీవితమంతా కొట్టిపారేస్తారా?"

"సార్ చెప్పిన్రు మేడమ్, నేను రాస్తున్న గంతే."

"మీరు పట్టించిందాన్ని చూసే కదా ఇదంతా! అదైనా సరిగ్గా చేశారా?"

వెంకటాచలం ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. గొడవ దేని గురించో ఆయన చేతిలోంచి జారిపోతున్నట్టు ముఖంలోనే తెలుస్తోంది. "శారదని పిలవండి," అన్నాడు. ప్రజ్ఞ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఆ తర్వాత స్ఫూర్తి వెళ్లనక్కర్లేదు. కానీ ఆయన ఆమెని అడుగుతూనే ఉన్నాడు, ప్రజ్ఞ ఇష్టం లేకపోయినా ఫోను చేస్తూనే ఉంది. ఆమె వెళ్లగానే ఆయన ప్రశ్న.

"దవడ పట్టిందా అమ్మాయ్?"

ఇంకోసారి అబద్ధం చెప్పకూడదని ఆమె ఒట్టు పెట్టుకుంది. "పట్టలేదు సార్. అది వేరే జంతువుది," అంది. ఆయన అప్పుడే మొదటిసారి వింటున్నట్టు విన్నాడు. నిజానికి ఆయనకి అదే మొదటిసారి. ముఖం పాలిపోయింది. ఆ పూట అన్నం ముట్టలేదు. తర్వాతి వారం మళ్లీ అడిగాడు, ఆమె మళ్లీ చెప్పింది, మళ్లీ అంతా మొదటికే. ఒక మనిషికి చావు కబురు ఒక్కసారే చెబుతారు. తను వారం వారం చెబుతోంది. బండి మీద ఇంటికి వస్తూ యూసుఫ్‌గూడ సిగ్నల్ దగ్గర ఆమె ఏడ్చేసింది.

ప్రజ్ఞ తన పద్ధతిలో ప్రయత్నించింది. "పట్టింది నాన్నా. బ్రహ్మాండంగా పట్టింది," అని చెప్పింది. ఆయన సంతోషించాడు. సంతోషించి, వెంటనే అడిగాడు. "ఎలా పట్టింది? కన్ను గుండ్రంగానే ఉందా? ఏదీ, చూపించు." ప్రజ్ఞ ఏదో చెప్పి తప్పించబోయింది. నా దగ్గర ఏదో దాస్తున్నారని ఆయన ఆ సాయంత్రమంతా అల్మరాలు తీసి వెతికాడు. ఆయా చెయ్యి పట్టుకోబోతే తోసేశాడు.

"నిజం చెప్తే కుంగిపోతున్నారు, అబద్ధం చెప్తే అనుమానపడుతున్నారు," అంది ప్రజ్ఞ ఫోనులో. ఆ గొంతులో కోపం లేదు. "నాకేం చెయ్యాలో తోచట్లేదు స్ఫూర్తీ. నువ్వొకసారి రా."

అదే వారంలో స్టూడియోలో బ్యూటీ వర్క్ విభాగం ఎత్తేశారు. సిద్ధార్థ చాలా మర్యాదగా చెప్పాడు. అలవాటైన కుర్చీలోంచి తన శాలువా, నీళ్ల సీసా తీసుకుని స్ఫూర్తి ఫిల్మ్‌నగర్ కొండ దిగి, నేరుగా వెంకటాచలం ఇంటికి వెళ్లింది. ఎవరికీ ఏమీ చెప్పే ఓపిక లేదామెకి. ఆయన అడగగానే లాప్‌టాప్ తెరిచి ముందు పెట్టేసింది.

"నాకు తెల్వదు సార్. గీ పుర్రె, గీ దవడ. మీరే చూసి చెప్పున్రి."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. మొదట చాలాసేపు ఊరికే చూశాడు. తర్వాత ఎడమ చెంప ఎంత జారిందో అడిగాడు. నిలువునా అణిగింది సంగతేమిటన్నాడు. కన్ను గుండ్రమయ్యేదాకా లేపి ఆపమన్నాడు. మధ్యలో రెండుసార్లు దారి తప్పి వేమనపల్లి జీపు గురించి మాట్లాడాడు. ఆమె తొందరపెట్టలేదు. దవడ పెట్టమన్నాడు. జరపమన్నాడు. కొలవమన్నాడు.

"పట్టదు!" అన్నాడు ఉన్నట్టుండి. ముఖంలో బాధ లేదు. పేచీ పెట్టిన లెక్క తేలినప్పుడు పిల్లల ముఖాల్లో ఉండే వెలుగు ఉంది. "చూశావా అమ్మాయ్, ఇది దీని దవడ కానే కాదు. ఎవరో చాలా పెద్ద పొరపాటు చేశాడు. ఎవరు పేరు పెట్టారు దీనికి?"

వెనక తలుపు దగ్గర ప్రజ్ఞ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలీదు.

"మీరే నాన్నా," అంది ప్రజ్ఞ.

"నేనా?"

"అవును నాన్నా. నేను పుట్టకముందు."

ఆయన తెర మీది దవడని ఇంకోసారి చూశాడు. మళ్లీ కుంగిపోతాడేమోనని ఇద్దరూ ఆయన వంకే చూశారు. ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అయితే దిద్దాల్సింది కూడా నేనే. కాగితం తే."

స్ఫూర్తి కదల్లేదు. ప్రజ్ఞే వెళ్లి కాగితం తెచ్చుకుని తండ్రి పక్కన స్టూలు మీద కూర్చుంది. ఆయన ఇంగ్లీషులో చెబుతూ పోయాడు. కొన్ని మాటలు దొరక్క ఆగాడు, అవి వచ్చేదాకా ప్రజ్ఞ కాచుకుంది. మొదటిసారి తను రాసుకున్న వాక్యాలే ఇంచుమించు అదే వరసలో రావడం స్ఫూర్తి గమనించింది. ఆ సంగతి ప్రజ్ఞకి కూడా తెలిసింది. నాలుగు మడతల కాగితం ఆమె పారేయలేదట, ఎన్నోసార్లు చదువుకుందట. ఆ సాయంత్రమే స్కాన్లు, బొమ్మలు జతచేసి ఇద్దరూ కలిసి పత్రికకి పంపారు. పంపాక ప్రజ్ఞ ఒక్కతే మేడ మీదకి వెళ్లి చాలాసేపు కిందికి రాలేదు.

కొన్ని నెలలకి అది అచ్చయింది, పేజీన్నర. పుర్రెనీ దవడనీ సంస్థవాళ్లు వేర్వేరు అరల్లో, వేర్వేరు పాత పేర్లతో పెట్టారు. ఒకప్పుడు అనుమానపడినవాళ్లలో ఒకాయన, ఇలా చేయగలవాళ్లు అరుదని గౌరవంగా ఉత్తరం రాశాడు. ప్రజ్ఞ దాన్ని ఒక్కసారి చదివి పక్కన పెట్టింది. "ఇప్పుడు ఎంత గౌరవమైనా చూపిస్తాడు," అంది. ప్రాణహిత పోయిన ఇంట్లో తనింకా రెండో కూతురేనా, ఒక్కగానొక్క కూతురా అని ఒకసారి అడిగి, తనే నవ్వేసింది. ఆ నవ్వు స్ఫూర్తికి నచ్చలేదు. అచ్చయిన పేజీలు చూపిస్తే వెంకటాచలం తన పేరుని వేలితో తడిమి, "ఈయనెవరో తెలిసినవాడే," అన్నాడు.

స్ఫూర్తి ఇప్పుడు టోలిచౌకిలో ఒక డెంటల్ ల్యాబులో కట్టుడు పళ్లు కంప్యూటర్లో తయారుచేస్తుంది. జీతం తక్కువ. తను చేసింది సరైన పని కాదేమోనన్న దిగులు మాత్రం పోలేదు. వేడుకకి ఆ అబద్ధపు తల చేయకపోతే ఆయన చివరిదాకా తన ప్రాణహితతోనే ఉండిపోయేవాడు కదా అని కొన్నిసార్లు అనిపిస్తుంది. అప్పుడు అది ఆయనకి తెలియని అబద్ధమయ్యేది, అంతే కదా అని మరికొన్నిసార్లు. రఘునందన్ వినీ వినీ, "నువ్వు పోకు గా ఇంటికి," అన్నాడు. ఆమె ఆదివారాలు మానలేదు.

వెళ్లినప్పుడల్లా ఆయన దవడ గురించి అడిగేవాడు. ఆమె లాప్‌టాప్ తెరిచేది. కొన్ని రోజులు చివరిదాకా వెళ్లేవాడు, పట్టదని తేల్చేవాడు, ఆ పూట హుషారుగా అన్నం తినేవాడు. కొన్ని రోజులు సగంలో దారి తప్పి, చిరాకుపడి మూత మూసేసేవాడు. పోను పోను రెండో రకం రోజులే ఎక్కువయ్యాయి.

మొన్న ఆదివారం ఆమె వచ్చి కూర్చుంది. ప్రజ్ఞ కూడా ఎదురు కుర్చీలో కూర్చుంది. ఆయన స్ఫూర్తిని చూసి పలకరింపుగా తలాడించాడు. లాప్‌టాప్ వంక చూశాడు, చూపు దాని మీదనుంచి కిటికీ మీదకి పోయింది. ఇద్దరూ కాచుకుని కూర్చున్నారు. వాన పడేలా ఉందన్నాడు. కాఫీ కావాలన్నాడు. దవడ మాట ఎత్తలేదు.

"నేను తెస్తా నాన్నా," అని ప్రజ్ఞ లేచి వంటింట్లోకి వెళ్లింది. చాలాసేపటికీ రాలేదు. కాఫీకి అంతసేపు పట్టదని స్ఫూర్తికి తెలుసు. కాసేపు ఆగి, మెల్లగా లేచి తనూ వంటింట్లోకి వెళ్లింది.